ఫరోల దేశంలో కోటయ్య సమాధి

ఐగుప్తు చూసి వచ్చానని తెలిసిన దగ్గర నుంచి బెజవాడలో ఎవరు ఎదురైనా పిరమిడ్లు ఎంత ఎత్తు ఉంటాయని అడుగుతున్నారు. నేను కొలవలేదు. ఆ దేశంలో ఉన్నన్నాళ్ళూ నాకు చాలావరకు కోపంగానే ఉంది. కోపంగా ఉన్న మనిషి రాళ్ళ ఎత్తు చూడడు. ఇంటికి వచ్చాక తగ్గుతుందనుకున్నాను. తగ్గకపోగా ఇంకొంచెం పెరిగింది. అందుకే ఇది రాస్తున్నాను. పిరమిడ్ల సంగతీ చెబుతాను గాని, నేను వెళ్ళింది వాటి కోసం కాదు.

బయలుదేరక ముందు

యుద్ధం ముగిసిన మరుసటి ఏడు కైరో పట్నంలో మిషను బడుల ఉపాధ్యాయుల కూటం జరిగింది. మా ప్రాంతం నుంచి వెళ్ళవలసిన దొరసానిగారికి జబ్బు చేయడంతో ఆ అవకాశం నాకు వచ్చింది. బడి రోజుల్లో లెక్కలు, ఆదివారాలు పల్లెల్లో వాక్యం చెప్పుకునే నాలాంటి వాడికి ఓడ ప్రయాణం ఊహకందని మాట. అందులోనూ ఐగుప్తు. యోసేపు బానిసగా వెళ్ళి అధిపతి అయిన దేశం, మోషే పుట్టిన దేశం, పసివాడైన ప్రభువును ఎత్తుకుని తల్లిదండ్రులు పారిపోయి తలదాచుకున్న దేశం. వన్ టౌన్లో బట్టల కొట్టు సుబ్బరామయ్యగారు చలికి పనికొస్తుందని తన పాత ఉన్ని కోటు ఇచ్చి, అక్కడి పత్తి ఎలా ఉంటుందో చూసి రమ్మన్నారు. మా ఇంటావిడ ఆవకాయ జాడీ కట్టి ఇచ్చింది.

ఆ సంగతి మైలవరం దగ్గర పల్లెల దాకా పాకింది. ఒక సాయంత్రం మరియమ్మ మా ఇంటికి వచ్చింది. మైలవరానికి అవతల, నేను నెలకొకసారి వెళ్ళి వాక్యం చెప్పే పల్లెలో కూలి పని చేసుకునే విధవరాలు ఆమె. ఒక్కడే కొడుకు, కోటయ్య. యుద్ధకాలంలో పటాలంలో చేరాడు. తుపాకి పట్టే పని కాదు, రోడ్లు వేసి సామాను మోసే దళంలో పని. ఆ దళంతో ఐగుప్తు వెళ్ళి అక్కడే జ్వరంతో పోయాడు.

అతను పోవడం ఒక ఎత్తు, ఆ తరువాత పల్లెలో జరిగింది ఒక ఎత్తు. అదే దళం నుంచి తిరిగి వచ్చిన పక్క ఊరి మనిషి ఒకడు, కోటయ్య సమాధి తాను చూశాననీ, అది హిందూ సిపాయిల వరుసలో ఉందనీ, దాని మీద సిలువ లేదనీ చెప్పాడు. ఆ ఒక్క మాట మీద, పటాలంలో సౌకర్యం కోసం కోటయ్య ప్రభువును కాదన్నాడని అందరూ తీర్మానించేశారు. మాలో మనిషి పోయాక సంఘమంతా కూడి, పాటలు పాడి, పోయినవాడి విశ్వాసాన్ని గురించి సాక్ష్యం చెప్పి, కలిసి భోజనం చేసే జ్ఞాపకార్థ కూటం ఒకటి ఉంటుంది. అది జరగకపోతే ఆ మనిషి సంఘంలో పుట్టనట్టూ లెక్కే, పోనట్టూ లెక్కే. సంఘకాపరి జకరయ్యగారు కోటయ్యకు ఆ కూటం జరపనన్నారు. విశ్వాసం విడిచినవాడికి సాక్ష్యం ఎవరు చెబుతారని అడిగారట.

మరియమ్మ గుమ్మం బయటే నిలబడింది. లోపలికి రమ్మన్నా రాలేదు.

“మాష్టారూ, మీరు ఆ దేశం పోతన్నారంట గదా. నా బిడ్డ ఉన్నచోటు చూసి రండి. సిలవ ఉందో లేదో చూడండి. లేకపోతే ఎందుకు లేదో అడగండి.”

“అడుగుతానమ్మా. ఒకవేళ అక్కడివాళ్ళు చెప్పేది నీకు కష్టంగా ఉంటే...”

“నా కష్టం సంగతి నాకొదిలెయ్యండి. వాడు ఏసయ్యని కాదన్నాడంటే నేన్నమ్మను. నిజంగా కాదంటే, కాదన్నాడనే చెప్పండి. దాచమాకండి.”

ఓడ మీద

బొంబాయిలో ఓడ ఎక్కాం. సముద్రం గురించి ఇంతకు ముందు వెళ్ళినవాళ్ళు చాలా రాశారు. నేను ఒక్క ఆదివారం సంగతి చెబుతాను.

ఆ ఉదయం పై తరగతి హాలులో ఆరాధన జరుగుతుందని విని, ఉతికిన పంచె కట్టుకుని, సుబ్బరామయ్యగారి కోటు వేసుకుని వెళ్ళాను. గుమ్మం దగ్గర చెప్పులు విడిచాను. మనం గుడిలోకి చెప్పులతో వెళ్ళం గదా. లోపల దొరలందరూ బూట్లతోనే ఉన్నారు. గుమ్మం దగ్గర నిలబడ్డ ఓడ ఉద్యోగి నా వట్టి కాళ్ళను, పంచెను చూసి, కింది తరగతివాళ్ళకు ఇక్కడ చోటు లేదని మర్యాదగానే చెప్పాడు. నేను క్రైస్తవుణ్ణని చెప్పాను. అలాగైతే బయట నిలబడి వినవచ్చన్నాడు. నిలబడి విన్నాను. ప్రభువు నేర్పిన ప్రార్థన దగ్గరికి వచ్చేసరికి నేనూ తెలుగులో గొంతు కలిపాను. ముందు వరుసల్లో ఒకరిద్దరు వెనక్కి తిరిగి చూశారు. దేవుణ్ణి అందరికీ తండ్రి అని పిలిచి, ఆ ‘అందరిలో’ గుమ్మం బయటివాణ్ణి లెక్కపెట్టని ప్రార్థన పైకి వెళుతుందా అని ఆ రోజంతా ఆలోచించాను. వెళ్ళదని నా నమ్మకం.

సూయజు రేవు

సూయజులో దిగగానే సుంకం అధికారి నా సామాను విప్పించి ఆవకాయ జాడీ దగ్గర ఆగాడు. మూత తీసి వాసన చూసి, రంగు అద్దకానికి వాడేదా అని అడిగాడు. తినేదన్నాను. నమ్మక వేలు ముంచి నాలుకకు రాసుకున్నాడు. తరువాత చాలాసేపు మంచినీళ్ళు తాగాడు. జాడీ మాత్రం వదిలిపెట్టాడు.

బయట అసలు వేడుక మొదలైంది. పొడుగాటి అంగీ తొడుక్కున్న ఒక గారడీవాడు అడ్డం వచ్చి నా కోటు జేబులోంచి కోడిపిల్లను తీశాడు. రెండో జేబులోంచి ఇంకొకటి తీశాడు. సుబ్బరామయ్యగారి కోటులోంచి కోడిపిల్లలు రావడం చూసి నాకూ నవ్వు వచ్చింది. ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. పక్కనే ఇంకొకడు కర్రముక్కలు పరుచుకుని కూర్చున్నాడు. మోషే చేతికర్రలో ముక్కలట. ఒక్కొక్కటి అయిదు పియాస్తరులు. వాటి మధ్య బట్టలారేసుకునే దండెం ముక్క కూడా ఉంది, మేకు గుర్తుతో సహా. నాతోపాటు దిగిన ఒక దొరసాని రెండు కొనుక్కుని రుమాలులో చుట్టుకుంది. నన్ను బయట నిలబెట్టిన ఆరాధనలో ముందు వరుసలో కూర్చున్న మనిషే.

కైరో

కైరో పెద్ద పట్నం. ట్రాములు, మేడలు, పూల దుకాణాలు అన్నీ ఉన్నాయి. ఇంగ్లీషువాళ్ళు వెళ్ళిపోవాలని గోడల మీద రాతలు ఉన్నాయి. నేను ఇండియా వాణ్ణని తెలిస్తే చాలు, టీ అంగడివాడు డబ్బు తీసుకోకుండా, మీవాళ్ళు దొరల్ని ఎప్పుడు పంపిస్తున్నారని అడుగుతాడు. టీ పాలు లేకుండా, చక్కెర నిండుగా, చిన్న గాజు గ్లాసులో ఇస్తారు. పప్పు రుబ్బి నూనెలో వేసి తీసే తామియా అనేది మన గారెకు తోబుట్టువు, కాకపోతే చిల్లు ఉండదు. రాత్రంతా కుండలో ఉడికిన చిక్కుడు గింజల ఫూల్ పేదవాడి భోజనం. దాంట్లో ఉప్పు, నూనె తప్ప నోటికి తగిలేది ఏమీ ఉండదు.

మ్యూజియంకు తీసుకువెళ్ళిన వ్యక్తి ఫరోల బంగారం చూపించాడు. బంగారు మంచం, బంగారు కుర్చీ, బంగారు చెప్పులు. చచ్చినవాడికి చెప్పులెందుకని అడిగితే నవ్వాడు. నాకు రాజుల శవాలు చూడాలని ఉంది. మోషేకు ఎదురు నిలిచి గుండె కఠినం చేసుకున్న ఆ ఫరో ముఖం ఎలా ఉంటుందో చూడాలని చిన్నప్పటి కోరిక. ఆ గదికి తాళం వేసి ఉంది. రాజుల శరీరాలను ఎవరుపడితే వాళ్ళు వచ్చి చూడడం వాళ్ళ గౌరవానికి తగదట. ప్రత్యేకంగా అనుమతి కావాలట.

ఆ తాళం ముందు నిలబడి కోటయ్యను తలుచుకున్నాను. వేల ఏళ్ళ కిందట చచ్చిన ఒక పీడకుడి మర్యాదకు భంగం రాకూడదని తాళం, కాపలా, అనుమతి. నిన్నగాక మొన్న చచ్చిన మా పల్లె కుర్రవాడి సమాధి మీద రెండు కర్రముక్కలు అడ్డంగా కట్టే తీరిక ఎవరికీ లేకపోయిందా?

పిరమిడ్ల దగ్గర గైడు, వీటిని ఇశ్రాయేలీయులు కట్టారని గుక్కతిప్పుకోకుండా చెప్పాడు. నేను ఒప్పుకోలేదు. వాళ్ళ చేత ఇటుకలు చేయించారని, గడ్డి కూడా ఇవ్వకుండా చేయించారని లేఖనం చెబుతుంది, ఇవి రాళ్ళు గదా అన్నాను. గైడు నొచ్చుకుని, క్రైస్తవులందరికీ తాను అలాగే చెబుతాననీ, ఇంతవరకు ఎవరూ కాదనలేదనీ అన్నాడు. పిరమిడు పెద్దదే. మా బెజవాడలో కృష్ణకు అడ్డంగా ఆనకట్ట ఉంది, అదీ రాతిదే. దాని వల్ల లక్షల ఎకరాలు తడిసి జనం అన్నం తింటున్నారు. ఈ రాళ్ళన్నీ ఒక్క శవం కోసం. ఆ శవమూ ఇప్పుడు అందులో లేదు.

గోషెను పొలాలు

కూటం ముగిశాక నా పని మీద బయలుదేరాను. కోటయ్య దళం మకాం వేసిన శిబిరం కైరోకు ఈశాన్యాన, జగాజీగ్ అనే ఊరి దగ్గర అని మరియమ్మకు వచ్చిన వర్తమానంలో ఉంది. ఆ వైపే యాకోబు సంతతివాళ్ళు కాపురమున్న గోషెను అని పండితులు చెబుతారు.

రైలు కిటికీలోంచి చూస్తే బందరు కాలవ వెంట వెళుతున్నట్టుంది. అదే నల్లరేగడి, అవే కాలవలు, నీళ్ళలో పడుకున్న గేదెలు, అరటితోటలు, చెరుకు, తల మీద బిందెతో ఆడవాళ్ళు. ఏతం కూడా మనదే. ఒకడు వంగి బాన ముంచడం, లేచి ఒంపడం. ఇక్కడే ఉల్లిపాయలు, వెల్లుల్లి, దోసకాయలు తిని, ఎడారిలో వాటినే తలుచుకుని ఇశ్రాయేలీయులు ఏడ్చారు. పత్తి వేయడానికి చేలు దున్నుతున్నారు. ఇంత మేలైన పత్తి పండించే రైతు ఒంటి మీద అతుకుల ముతక అంగీ ఉంది. పత్తంతా బేళ్ళుగా కట్టి సీమకు పంపిస్తారట. సుబ్బరామయ్యగారికి చెప్పవలసింది అక్కడే దొరికింది: పత్తి ఎలా ఉంటుందో దాన్ని పండించినవాడికి తెలియదు.

ఎదురు బల్ల మీద కూర్చున్న పెద్దమనిషి రొట్టె విరిచి సగం నాకిచ్చాడు. ఇంగ్లీషు బాగా వచ్చు. జగాజీగ్ బడిలో ఉపాధ్యాయుడట. చెయ్యి చాచినప్పుడు కుడి మణికట్టు లోపలి వైపు నీలంగా చిన్న సిలువ పచ్చబొట్టు కనిపించింది. వాళ్ళు కిబ్తీలు, ఈ దేశపు పాతకాలపు క్రైస్తవులు. పసితనంలోనే పిల్లల మణికట్టు మీద సిలువ పొడిపిస్తారు. ఎంత హింసలోనైనా తాము ఎవరో దాచుకునే వీలు లేకుండా ఆ ఆచారం పెట్టుకున్నారట.

నాకు మింగుడు పడలేదు. ఒంటి మీద పచ్చబొట్లు పొడుచుకోకూడదని మోషే ధర్మశాస్త్రంలో స్పష్టంగా ఉందని చెప్పాను. ఆయన నొచ్చుకోలేదు. తన పేరు చెప్పాడు. రంసీస్ ఎఫెంది. ఎఫెంది అంటే మన ‘గారు’. నాకు మళ్ళీ మింగుడు పడలేదు. రంసీస్ అంటే ఫరో పేరు.

“క్రైస్తవుడై ఉండి ఫరో పేరు ఎలా పెట్టుకున్నారండీ?”

“మా నాన్న పెట్టాడు. ఫరో చచ్చిపోయాడు, పేరు మిగిలింది. ఒకప్పుడు ఇది మా నేల పేరు. మీ పేరు ప్రభువు పెట్టాడా?”

నా పేరులో మా తాత మొక్కిన కొండ దేవుడు ఉన్నాడు. చెప్పక తప్పలేదు. ఆయన నవ్వి, పౌలులాగే సువార్త చెప్పిన అపొల్లో పేరు ఎవరిదని అడిగాడు. గ్రీకుల దేవుడి పేరే గదా, పౌలు మార్చమన్నాడా అన్నాడు.

నేను మాట మార్చి, వచ్చిన పని చెప్పాను. శిబిరం తమ ఊరికి దగ్గరేననీ, సిపాయిల శ్మశానం ఇంకా ఉందనీ, తాను వెంట వస్తాననీ అన్నాడు.

ఇసుకలో వరుసలు

శ్మశానం ఊరి బయట, పచ్చపొలం ఆగి ఇసుక మొదలయ్యేచోట ఉంది. తెల్లని చెక్క సిలువలు వరుస తప్పకుండా నిలబడ్డాయి. వాటి అవతల, ఒక బాట దాటాక, ఇనప కడ్డీలకు రేకు బిళ్లలు బిగించి ఉన్నాయి. సిలువలు లేవు. అక్కడ మనవాళ్ళు. హిందూ సిపాయిలకు దహనం చేయాలని నియమమట గాని, కట్టెలు దొరకని ఎడారిలో చాలామందిని పూడ్చిపెట్టారట.

కోటయ్య పేరు ఆ రేకుల్లోనే ఉంది. మరియమ్మకు ఆ పక్క ఊరి మనిషి అబద్ధం చెప్పలేదు.

శ్మశానం చూసుకునే సార్జంటు ఒకడు వచ్చాడు. వయసు మళ్ళినవాడు, మంచిగానే మాట్లాడాడు. అదే నాకు ఎక్కువ కోపం తెప్పించింది. ఎవరి మతం వాళ్ళే చేరేటప్పుడు చెబుతారనీ, చెప్పకపోతే గుమాస్తా పేరును బట్టి వేస్తాడనీ, మెడలో బిళ్ల మీద ఏముందో సమాధి మీదా అదే ఉంటుందనీ చెప్పాడు. సిలువల వరుసలో జోసెఫ్ అని ఒక మద్రాసు సిపాయిని చూపించాడు. అతని పేరు జోసెఫ్ గనుక అనుమానం రాలేదట.

“ఇతను క్రైస్తవుడండీ. నేను ఎరుగుదును. బాప్తిస్మం పొందినవాడు.”

“అయితే పేరు ఇలా ఎందుకుంది?”

“అపొల్లో పేరు అలా ఎందుకుందో మీరు చెప్పండి, ఇతని పేరు ఇలా ఎందుకుందో నేను చెబుతాను.”

సార్జంటుకు అపొల్లో ఏ దళంవాడో తెలియలేదు. అతని సమాధి కూడా తప్పుగా వేశారా అని అడిగాడు. రంసీస్ ఎఫెంది పక్కకు తిరిగి దగ్గాడు. నేను సిలువ వేయమని అడిగాను. తనకు ఆ అధికారం లేదన్నాడు. నేనే తెచ్చి పాతుతానన్నాను. పాతితే పీకవలసి వస్తుందన్నాడు. ఆ మాట అనేటప్పుడు అతను నా ముఖం చూడలేదు.

మోకరించి తెలుగులో ప్రార్థన చేశాను. లేచి చూస్తే సార్జంటు టోపీ తీసి నిలబడి ఉన్నాడు. నాకు మాత్రం నెమ్మది లేదు. గుమాస్తా పేరు చూసి వేసుకున్నాడా, కోటయ్యే అలా చెప్పాడా? ఆ రేకు బిళ్ల ఏమీ చెప్పదు. జకరయ్యగారి మాటే నిజమైతే మరియమ్మకు నేను ఏ నోటితో చెప్పాలి? అదొక్కటే దారి పొడుగునా తిరిగింది.

మిరపకాయల కుర్రవాడు

రంసీస్ ఎఫెంది నన్ను బలవంతాన ఇంటికి తీసుకువెళ్ళాడు. ఆయన తల్లి ముసలావిడ, నల్లని ముసుగు, నవ్వితే ముందు పళ్ళు రెండే. ఉపవాస దినాలు గనుక మాంసం లేదు, పాలు లేవు. మళ్ళీ ఫూల్. నాకు ముద్ద దిగలేదు. దిగకపోవడానికి కారణం వేరే ఉన్నా, ఆవిడ ఏమనుకుంటుందోనని సంచిలోంచి ఆవకాయ తీసి కలుపుకున్నాను.

ఆవిడ ఆ ఎరుపు చూసి చేతులు చరిచి, కొడుకుతో అరబ్బీలో గడగడా మాట్లాడింది. ఆయన నా వైపు తిరిగాడు.

“ఇంకొకడు వచ్చాడు అంటోంది. యుద్ధంలో ఆదివారాలు మా గుడికి మీ దేశపు సిపాయిలు కొందరు వచ్చేవారట. నేను అప్పుడు వేరే ఊళ్ళో పనిచేస్తున్నాను, ఎరగను. శిబిరంలో దొరలు ఆరాధన చేసుకునే గుడారానికి వాళ్ళను రానిచ్చేవారు కాదట. చెప్పులు బయట విడిచి నేల మీద కూర్చునేవాళ్ళని మా వాళ్ళు ముచ్చటగా చూసేవాళ్ళట. వాళ్ళలో ఒకడు జేబులో ఎండుమిరపకాయలు పెట్టుకుని తిరిగేవాడట. ఫూల్‌లో నలుపుకుని తినేవాడట.”

“అతని పేరు?”

ఆవిడకు తర్జుమా అక్కరలేకపోయింది. “కొటాయా,” అంది.

నేను చెయ్యి కడుక్కోవడం మరిచిపోయాను. తరువాత ఆవిడ చెప్పినదంతా రంసీస్ ఎఫెంది ఇంగ్లీషులో చెబుతూ వచ్చాడు. గుడి ఉత్సవం రోజున ప్రాకారం బయట పచ్చబొట్లు పొడిచేవాళ్ళు కూర్చుంటారు. తల్లులు పసిపిల్లల్ని తెచ్చి పట్టుకుంటారు, పిల్లలు గుక్కపెట్టి ఏడుస్తుంటారు. ఆ వరుసలో ఈ ఎదిగిన సిపాయి వెళ్ళి కూర్చున్నాడు. ఆవిడ వెళ్ళి, ఇది పసివాళ్ళకు చేసేది, పెద్దవాడివి నీకెందుకని కసిరింది. మాట తెలియదు గదా. అతను మెడలో బిళ్ల బయటికి తీసి చూపించి, కాదు కాదని తల అడ్డంగా ఊపాడట. తరువాత కుడి చెయ్యి చాచి మణికట్టు మీద వేలు పెట్టాడట. ఆవిడే పక్కన కూర్చుని ఆ చెయ్యి పట్టుకుంది. తరువాత కొన్ని వారాలు వచ్చాడు. ఆపైన రాలేదు. దళం తరలిపోయిందనుకున్నారు.

పోయాడని కొడుకు చెప్పాడు. ఆవిడ ముసుగు ముఖం మీదికి లాక్కుంది. కాసేపటికి, సమాధి ఎక్కడని అడిగింది. పండుగలకు వాళ్ళు తమవాళ్ళ సమాధుల దగ్గరికి రొట్టెలు పట్టుకెళ్ళి పేదలకు పంచుతారు. ఈ అబ్బాయి పేరు మీద కూడా తాను పంచుతానని, వాళ్ళ అమ్మతో చెప్పమని అంది.

పైన సిలువ పెట్టనివ్వని దొరలకు, కింద చేతి మీద ఒకటి ఉందని తెలియదు. పునరుత్థాన దినాన కోటయ్య ఆ చెయ్యి ఎత్తుకుని లేస్తాడు. పచ్చబొట్టును గురించి రైల్లో నేను చెప్పిన ధర్మశాస్త్రాన్ని రంసీస్ ఎఫెంది ఆ రాత్రి గుర్తు చేయలేదు. మర్యాదస్తుడు.

మైలవరం దాటాక

మరియమ్మకు దాచకుండా అంతా చెప్పాను. సిలువ లేదని ముందు చెప్పాను. మణికట్టు దగ్గరికి వచ్చేసరికి, “కుడి చెయ్యేనా?” అని మాత్రం అడిగింది. కుడి చెయ్యేనన్నాను.

ఆ ఆదివారం ఆరాధన తరువాత సంఘం ముందు నిలబడి సాక్ష్యం చెప్పాను. జకరయ్యగారు కళ్ళు మూసుకుని విన్నారు. అంతా అయ్యాక లేచి, నా ప్రయాణ క్షేమానికి దేవునికి స్తోత్రం చెల్లించి, ఒక చిక్కు ఉందన్నారు. పచ్చబొట్టు ధర్మశాస్త్రంలో నిషేధం. అబ్బాయి విశ్వాసం విడవలేదనుకున్నా, ఆజ్ఞ మీరినట్టయింది. పెద్దలు ఆలోచించాలి.

నేను ఇంత దూరం వచ్చి ఆ మాట విన్నాను. ఓడలో గుమ్మం బయట నిలబెట్టినప్పుడూ, శ్మశానంలో సిలువ పీకుతానన్నప్పుడూ రానంత కోపం అప్పుడు వచ్చింది. ఎందుకంటే వాళ్ళు పరాయివాళ్ళు, ఈయన మావాడు. అదే ధర్మశాస్త్రం రెండు రకాల నూలు కలిపి నేసిన బట్ట కూడా కట్టవద్దంటుంది, మీ భుజం మీద కండువా దేనిదో చెప్పండి అన్నాను. గొంతు పెంచాను. పెంచకూడదేమో, పెంచాను. జకరయ్యగారు ఆమేన్ చెప్పి కూటం ముగించారు.

తరువాతి ఆదివారం ప్రభురాత్రి భోజనం. మా పల్లెల్లో అందరూ వరుసగా మోకరించి, ఎడమ చేతి మీద కుడి చెయ్యి పెట్టి చాచి రొట్టె అందుకుంటారు. జకరయ్యగారు ఒక్కొక్కరి చేతిలో పెడుతూ మరియమ్మ దగ్గరికి వచ్చి ఆగారు. చాచిన కుడి మణికట్టు వాచి ఉంది. పసుపు పూసి ఉంది. పసుపు కింద పచ్చిగా, కొంచెం వంకరగా, సిలువ. మైలవరం సంతలో పచ్చబొట్లు పొడిచే ఆమె చేత పొడిపించుకుందట. ఆ పొడిచినామెకు చుక్కలు, తేళ్ళు వచ్చు గాని సిలువ ఎప్పుడూ పొడవలేదట.

మరియమ్మ చెయ్యి వెనక్కి తీయలేదు.

“పెట్టండయ్యా,” అంది మెల్లగా. “వాడు పోయేటప్పుడు పెట్టేవాళ్ళు లేకపోయారు. ఇదే ఆ చెయ్యనుకోండి.”

జకరయ్యగారి మనసులో ఏం జరిగిందో నాకు తెలియదు, ఆయన్ను క్షమించానని కూడా నేను ఇక్కడ రాయను. చివరికి రొట్టె పెట్టారు.

ఆరాధన చివర ప్రకటనలు చెప్పేటప్పుడు, వచ్చే శనివారం మరియమ్మగారి ఇంటి ముందు జ్ఞాపకార్థ కూటం అని ఆయనే చెప్పారు. ఐగుప్తు దేశమందు ప్రభువునందు నిద్రించిన మన సహోదరుడు, అని మొదలుపెట్టి, ఆ పేరు దగ్గర ఒక్క క్షణం తడుముకుని, దాని ముందు తానే ఒక బైబిలు పేరు తగిలించి, యోహాను కోటయ్య అన్నారు.

ఆడవాళ్ళ చాపల వైపు నుంచి మరియమ్మ లేచి నిలబడింది.

“యోహాను కాదండీ,” అంది. “కోటయ్య. ఒట్టి కోటయ్య.”